రెండో చక్రం ఎటు తిరుగుతుంది

మోటారు షెడ్డులో పనికి చేరే కుర్రవాళ్లు మొదట అడిగేది ఎన్నాళ్లలో స్టీరింగు పట్టనిస్తారని. ఇంజను లోపల ఏం జరుగుతుందని అడిగినవాళ్లను నా ముప్పై ఏళ్ల పనిలో ముగ్గురినే చూశాను. ఆ ముగ్గురిలో ఒకడి బతుకు నా మాట వల్ల చెడింది. నేను రాయదలచుకున్నది ముఖ్యంగా ఆ సంగతే. అది అర్థం కావాలంటే ఇంజను గురించి, చక్రాలకు బలం చేరే దారి గురించి కొంత చెప్పాలి. ఓపికగా చదవండి.

మాది కర్నూలులో కమ్మరి ఇల్లు. నా బడి చదువు మూడో తరగతితో ఆగింది. మిగిలిన చదువంతా గ్రంథాలయంలోనిది. తెలుగు పుస్తకాలు అయిపోయాక అక్కడ మోటారు బండ్ల గురించి ఒక లావు ఇంగ్లీషు పుస్తకం కనిపించింది. పక్కన నిఘంటువు పెట్టుకుని, మాట మాటకూ అర్థం వెతుక్కుంటూ చదివితే ఏడాదిన్నర పట్టింది. నాకంటే ముందు దాన్ని ఎవరూ తీయలేదని గ్రంథాలయం పంతులు చెప్పాడు. ఈ సంగతి చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టమే. ఆ ఇష్టమే నన్ను చెడగొట్టింది కనుక ముందే ఒప్పుకుంటున్నాను.

నాలుగు దెబ్బలు

కొలిమి తిత్తి చూసినవాడికి ఇంజను అర్థం కావడం కష్టం కాదు. సిలిండరు ఒక ఇనుప గొట్టం. అందులో పిస్టను కిందికీ మీదికీ ఆడుతుంది. మొదటిసారి కిందికి దిగేటప్పుడు పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని లోపలికి పీలుస్తుంది. మీదికి వచ్చేటప్పుడు ఆ గాలిని నొక్కుతుంది. నొక్కుడు పూర్తయ్యేసరికి మీద ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. గాలి భగ్గుమని పిస్టనును కిందికి తన్నుతుంది. నాలుగోసారి మీదికి వస్తూ పొగను బయటికి నెట్టేస్తుంది. ఈ నాలుగు దెబ్బల్లో సంపాదించేది ఒక్కటే. మిగిలిన మూడూ దాని మీద బతికేవి. మా ఇంట్లోనూ లెక్క అదే కాబట్టి నాకు తొందరగా బోధపడింది.

చిన్న మోటారు సైకిళ్లలో రెండు దెబ్బల ఇంజను ఉంటుంది. నలుగురి పని ఇద్దరు చేస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది అది: తేలిక, చవక, ఒకటే పొగ. ఇప్పుడు డీజిల్ లారీలు రావడం మొదలైంది. వాటిలో నిప్పురవ్వ ఉండదు. సైకిలు పంపుతో గట్టిగా గాలి కొడితే పంపు చివర వేడెక్కుతుంది కదా, అదే వేడి వందరెట్లు అనుకోండి. ఆ వేడిగాలిలోకి నూనె చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది.

మరొకటి గుర్తుంచుకోవాలి. బండి ఎక్కుడు ఎక్కేటప్పుడు ఇంజను చక్రాలను తిప్పుతుంది. దిగుడులో పెట్రోలు తగ్గించి, గేర్ మాత్రం తీయకుండా ఉంటే, చక్రాలే ఇంజనును తిప్పవలసి వస్తుంది. గాలిని నొక్కే ఆ పని బరువైనది. అందుకని బండి వేగం అణగుతుంది. అంటే గేర్‌లో ఉన్న ఇంజను కూడా ఒక బ్రేకే. గేర్ తీసి న్యూట్రల్ చేస్తే ఆ పట్టు పోతుంది.

ఖాదర్ సాహెబ్

నా మొదటి గురువు కర్నూలు షెడ్డు మేస్త్రీ ఖాదర్ సాహెబ్. ఆయనకు ఏ భాషలోనూ చదవడం రాదు. స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజనుకూ ఇంకో కొన చెవికీ ఆనించి ఏ సిలిండరు కొట్టడం లేదో చెప్పేవాడు. షెడ్డుకు బండి వస్తే దాన్ని ముట్టుకోకముందు డ్రైవరుకు టీ తెప్పించి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఎప్పుడు మొదలైంది, ఎక్కుడులోనా దిగుడులోనా, శబ్దం ముందా వాసన ముందా అని గంటసేపు అడిగేవాడు. నాకు అది కాలహరణంగా కనిపించేది. ఒకసారి ఆయన అడుగుతుండగానే నేను పుస్తకంలోని కారణం చెప్పేశాను. నిజానికి అదే కారణమయింది. ఆయన మెచ్చుకోలేదు.

"పుస్తకంలో బండికి జబ్బు రాదు బేటా," అన్నాడు. "మన కాడికి వచ్చేది జబ్బు బండే."

చదువురాని మనిషి అసూయ అనుకున్నాను. ఆ తరువాత కొద్ది రోజులకే కడపలో ఒక బస్సు యజమాని దగ్గర హెడ్ మేస్త్రీగా చేరాను.

చక్రానికి బలం చేరే దారి

తొలి రోజుల్లో నేను చూసిన కార్లకు సైకిలుకున్నట్టే గొలుసులుండేవి. దుమ్ముకు అరిగి, ఎక్కుడులో తెగి, డ్రైవరును ఎండలో నిలబెట్టేవి. తరువాత వచ్చిన బండ్లలో గొలుసు పోయింది. ఇంజను వెనక గేర్‌పెట్టె, అక్కడి నుంచి వెనక ఇరుసు దాకా ఒక పొడుగు షాఫ్టు. ఇరుసు నడిమధ్య పళ్ల చక్రాల గుండు. అక్కడి నుంచి ఎడమకొకటి కుడికొకటి రెండు రాడ్లు, వాటి చివర చక్రాలు.

ఆ గుండు ఎందుకో తెలియాలంటే కళ్లంలో ఎద్దులను గుంజ చుట్టూ తిప్పి బంతి తోలేటప్పుడు చూడండి. ఒకే తాడుకు కట్టిన ఎద్దుల్లో గుంజ దగ్గరిది నిలుచున్న చోటనే కాళ్లు మారుస్తుంది. చివరిది పరుగెత్తుతుంది. మలుపులో బండి చక్రాలదీ అదే తీరు. లోపలి చక్రం తక్కువ తిరగాలి, బయటిది ఎక్కువ తిరగాలి. నడిమి గుండు ఆ తేడాను సర్దుతుంది. ఎటు సులువో అటు తిరగనిస్తుంది.

ఇదంతా ఆ పుస్తకంలో పటంతో సహా ఉంది. మలుపు గురించి నేను ఎవరికైనా చెప్పగలిగేవాణ్ణి. ఒక పక్క రాడ్డు విరిగితే ఆ గుండు ఏం చేస్తుందని మాత్రం పుస్తకం చెప్పలేదు. నేనూ అడగలేదు.

దావీదు

దావీదు మా కంపెనీలో డ్రైవరు. వాళ్ల ఊరు కడప దగ్గరే, నాపరాళ్ల గనుల పక్కన. తాత కాలం నుంచీ చర్చికి పోయే కుటుంబం. చదవడం కొద్దిగా వచ్చు. ఇంజను లోపల ఏం జరుగుతుందని నన్ను అడిగిన ముగ్గురిలో మొదటివాడు అతనే. నేలమీద బొగ్గుతో బొమ్మ గీసి చెబితే రెండోసారి చెప్పవలసిన పని ఉండేది కాదు.

మా బస్సులు రాయచోటికి గువ్వలచెరువు కనుమ మీదుగా పోయేవి. ఆ దారిలో డ్రైవర్లందరికీ ఒక అలవాటు. కనుమ నెత్తిన ఇంజను ఆపి, న్యూట్రల్ చేసి, బండిని జారవిడిచేవాళ్లు. యజమాని సుబ్బారెడ్డి ట్రిప్పుకు ఇంత అని పెట్రోలు కొలిచి పోయించేవాడు. ఆ కొలతలో ఇల్లు చేరాలంటే కనుమ వాళ్లను ఊరికే మోయాలి. ఎవరూ ఆజ్ఞాపించలేదు, ఎవరూ వద్దనలేదు. అట్లాంటి ఆచారాలే మనుషులను చంపేవి.

దావీదు ఒక్కడే ఆ పని మానేశాడు. గేర్‌లో ఉన్న ఇంజను కూడా బ్రేకేనని నేను చెప్పిన రోజు నుంచీ రెండో గేర్‌లో మెల్లగా దిగేవాడు. అతని బండికి పెట్రోలు చాలేది కాదు.

"తాగుతాండేది బండా, నువ్వా?" అని సుబ్బారెడ్డి అందరి ముందూ అడిగాడు.

"మేస్త్రీ చెప్పినాడు సామీ, గేర్లో దిగితే ఇంజనే పట్టుకుంటాదని," అన్నాడు దావీదు. "కనుమ కింద పెట్రోలన్నా పోయించుకోవచ్చు. మనుషులను యాడ పోయిస్తాం?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, లోపల పొంగిపోయాను. నా చదువును నమ్మిన మొదటి మనిషి అతను.

ఒకరోజు ఆ దావీదే నా దగ్గరికి వచ్చి, బండి కదిలేటప్పుడు వెనక యాడనో ఒక్కసారి టక్కుమంటోందని చెప్పాడు. అది షాఫ్టు కీలు అరిగిన శబ్దమని పుస్తకంలో చదివినట్టే చెప్పి, గ్రీజు పెట్టించి పంపాను. ఎక్కుడులోనా దిగుడులోనా, ఏ పక్క నుంచి, ఎన్నాళ్లుగా, ఏదీ అడగలేదు.

కనుమలో

నెల తిరగకముందే ఆ బస్సు కనుమ దిగుతూ అదుపు తప్పింది. మూడో మలుపులో కొండవైపు బండకు గుద్దుకుని ఒరిగింది. ముందు సీటులోని మనిషి, రాయచోటి వైపు నేతగాడు, అక్కడికక్కడే చనిపోయాడు. దావీదుకు చెయ్యి విరిగింది.

కారణం చెప్పమని పోలీసులు నన్ను పిలిపించారు. నేను వెళ్లేసరికి రెండు జతల ఎద్దులను కట్టి బండిని దారి పక్కకు లాగుతున్నారు. వెనక చక్రాలు చక్కగా దొర్లుతున్నాయి. తొంగిచూస్తే గేర్ రాడ్డు రెండో గేర్ మీద ఉంది.

ఇక్కడ ఆగి మీరే ఆలోచించండి. గేర్‌లో ఉన్న బండిని ఎద్దులు లాగితే చక్రాలు అంత సులువుగా తిరగకూడదు. ఇంజను పట్టుకోవాలి. ఎందుకు తిరిగాయి? నేను రెండు నిమిషాల్లో తేల్చేశాను. రాడ్డు రెండో గేర్ మీద ఉంది కానీ లోపల పళ్లు పడలేదు. అంటే దావీదు న్యూట్రల్‌లో దిగాడు, వేగం పెరిగాక బెదిరి గేర్ వేయబోయాడు, అది పడలేదు. ప్రయాణికులు కూడా బండి ఉరకబోయే ముందు ఇంజను చప్పుడు తగ్గిపోయిందని చెప్పారు. న్యూట్రల్ చేస్తే తగ్గేది అట్లాగే.

ఆ బండికి కాలిబ్రేకు చక్రాల మీద ఉండదు. గేర్‌పెట్టె వెనక పొడుగు షాఫ్టును పట్టుకుంటుంది. చక్రాలను పట్టే చేతిబ్రేకు ఎప్పుడో సాగిపోయి, నిలిపిన బండికి రాయి పెట్టవలసి వచ్చేది. నేను కాలిబ్రేకు తొక్కి చూశాను. షాఫ్టును గట్టిగానే పట్టింది. బ్రేకు పట్టీ నల్లగా ఉంటే, వేగంలో తొక్కితే కాలిపోయి జారింది, చల్లారాక మళ్లీ పడుతోంది అన్నాను. ఆ పట్టీ ఎప్పుడూ నల్లగానే ఉండేది.

గేర్‌పెట్టె మూత విప్పితే పళ్లు పడ్డాయో లేదో అక్కడే తేలేది. విప్పలేదు. ఇన్‌స్పెక్టరుకు తొందర. నాకు నా తెలివి మీద అంతకన్నా తొందర. చెయ్యి కట్టుతో చెట్టు కింద కూర్చున్న దావీదును ఒక్క మాట అడగలేదు. సుబ్బారెడ్డి మాత్రం నా భుజం మీద చెయ్యి వేసి, "చదువుకున్నోడు చదువుకున్నోడేనప్పా," అన్నాడు. బండ్లకు ఆయన మార్చకుండా నడిపే పాత ఇరుసుల సంగతి ఎవరూ అడగకుండా పోయినందుకు ఆ మెచ్చుకోలు అని నాకు తట్టలేదు.

సాక్ష్యం

కోర్టులో నేను అరగంట మాట్లాడాను. నాలుగు దెబ్బలు, గేర్‌పెట్టె, షాఫ్టు, అన్నీ. మేజిస్ట్రేటు రెండుసార్లు తల ఊపాడు. నా బతుకులో అంతమంది నా మాట శ్రద్ధగా విన్నది అదే మొదలు.

సాక్షిని ఏమైనా అడుగుతావా అని మేజిస్ట్రేటు దావీదును అడిగాడు. అతను లేచి నిలబడ్డాడు.

"కనుమ మింద నేను గేర్ తీసే మనిషినా మేస్త్రీ? నువ్వే గదప్పా నేర్పిస్తివి."

"నేను మనుషుల గురించి చెప్పడానికి రాలేదు," అన్నాను. "యంత్రం గురించి చెప్పడానికి వచ్చాను."

ఆ మాట బాగా వచ్చిందనుకున్నాను. ఇంటికి పోతూ దారిలో మళ్లీ ఒకసారి అనుకున్నాను కూడా.

దావీదును జైలుకు పంపారు. లైసెన్సు శాశ్వతంగా రద్దు చేశారు.

మూరెడు రాడ్డు

ఒరిగిన బస్సు షెడ్డు వెనక ఏడాదికి పైగా పడి ఉంది. దావీదు శిక్ష ముగించుకుని వచ్చేశాడని విన్నాను, పోయి చూడలేదు. ఇంకో బండికి ఇరుసు కావలసి వచ్చి, దాని ఇరుసు విప్పడానికి నేనే కూర్చున్నాను. కుడి రాడ్డు సులువుగా వచ్చింది. ఎడమ చక్రం బోల్టులు విప్పి రాడ్డు లాగితే, రెండు మూరలు రావలసింది మూరెడే వచ్చింది.

విరిగిన ముఖాన్ని వెలుతురులో చూశాను. మూడు వంతులు మాసి నల్లబడి ఉంది. ఒక వంతు మాత్రం ఉప్పురాయిలా మెరుస్తోంది. అంటే చాలా కాలం కిందటే చీలిక మొదలైంది, కొద్దికొద్దిగా పాకింది, కనుమలో చివరి వంతు తెగింది. బండి కదిలేటప్పుడు టక్కుమన్నది అదే.

బండి బరువు మోసేది ఇరుసు బయటి గొట్టం. లోపలి రాడ్డు తిప్పడానికే. అందువల్ల రాడ్డు విరిగినా చక్రం ఊడదు, బయటికి ఏమీ తెలియదు. కానీ నడిమి గుండు ఎటు సులువో అటు తిరగనిస్తుందని చెప్పాను కదా. విరిగిన ముక్కకు అడ్డమేదీ లేదు. గేర్ ఎంత పట్టినా, కాలిబ్రేకు షాఫ్టును ఎంత బిగించినా, ఆ పట్టు చక్రాలకు చేరదు. కుడి చక్రం ముందుకు తిరిగిన కొద్దీ విరిగిన మొండి లోపల వెనక్కి తిరుగుతూ ఉంటుంది, బండి పోతూ ఉంటుంది. ఇంజనుకు బరువు తప్పి చప్పుడు తగ్గుతుంది. గేర్‌లో ఉన్న బండిని ఎద్దులు లాగితే చక్రాలు చక్కగా దొర్లుతాయి. దావీదు తప్పు చేశాడనడానికి నేను చూపిన సాక్ష్యాలన్నీ అతను తప్పు చేయలేదనడానికి సాక్ష్యాలే.

ఆ రాడ్డు తీసుకుపోయి సుబ్బారెడ్డికి చూపించాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"కేసు అయిపోయ. వాడు బయటికి వచ్చె," అన్నాడు. "ఇప్పుడు దీన్ని ఊరంతా తిప్పితే పోయేది నా పేరా, నీ పేరా? ఆలోచన చేసుకో మేస్త్రీ."

ఆలోచన చేసుకున్నాను. రెండేళ్లు చేసుకున్నాను. ఆయనను దుర్మార్గుడని రాయడం సులువు. ఆయన నన్ను బెదిరించలేదు, కొనలేదు. నాలో ఉన్నదేమిటో నాకు చూపించాడు, అంతే.

గని దగ్గర

ఆ కొలువు మానిన తరువాత ఒక ఆదివారం రాడ్డు మొండిని గుడ్డలో చుట్టుకుని దావీదు ఊరికి పోయాను. ప్రార్థన ముగిసి జనం బయటికి వస్తున్నారు. గనిలో రాళ్లు కొడుతున్న దావీదు చేతులకు నాపరాళ్ల పొడి గీతలు పడి ఉన్నాయి. సరిగా అతకని ఎముక వల్ల ఎడమ చెయ్యి కొద్దిగా వంకర. మెట్టు మీద నా పక్కనే కూర్చున్నాడు.

రాడ్డు చేతికిచ్చి మట్టిలో బొమ్మ గీయడం మొదలుపెట్టాను. ఎడమ రాడ్డు గీసి మధ్యలో చెరిపేసరికే అతని చెయ్యి నా చేతిని ఆపింది.

"అందుకేనా ఎద్దులు గుంజితే చక్రాలు తిరిగింది?" అన్నాడు.

నేను ఏడాది దాటాక, ఇనుము చేతికి వచ్చాక గ్రహించిన దాన్ని అతను సగం బొమ్మతో గ్రహించాడు. చాలాసేపు ఆ విరిగిన ముఖాన్ని బొటనవేలితో రుద్దుతూ ఉన్నాడు.

"ఇంజను మెత్తబడింది. కాలి కింద బ్రేకు గట్టిగానే ఉండాది. బండి మాత్రం ఆగల్యా. ఆ పొద్దు చెట్టు కింద ఈ మూడు మాటలే లోపల అనుకుంటా కూసున్నా మేస్త్రీ. నువ్వు వచ్చి అడుగుతావని."

క్షమించమని అడగడానికే పోయాను, అదీ అడగలేదు.

"నాకు ఇప్పుడు ఇదేం పనికొస్తాది," అని రాడ్డు నా ఒళ్లో పెట్టాడు. "నీ కాడ పెట్టుకో. కొత్తగా వచ్చినోళ్లకు చూపీ."

నేను లైసెన్సు అధికారులకు అర్జీ పెట్టాను. సాక్షి తన సాక్ష్యం తప్పని ఇన్నేళ్లకు చెబితే కేసు మళ్లీ తెరవలేమని జవాబు వచ్చింది. తరువాత యుద్ధం వచ్చింది. పెట్రోలు లేక బస్సుల వెనక బొగ్గు పొయ్యిలు కట్టాం. ఆ గ్యాసుతో సగం బలం కూడా లేని ఇంజన్లు ఎక్కుడులో ఆగిపోతే ప్రయాణికులే దిగి తోసేవాళ్లు. డ్రైవర్లు దొరకక, క్లచ్ ఏదో బ్రేకు ఏదో సరిగా తెలియనివాళ్లకు కూడా లైసెన్సులిచ్చారు. అప్పుడు మళ్లీ అర్జీ పెట్టాను. ఈసారి జవాబు కూడా రాలేదు. కడప జిల్లాలో కనుమ సరిగా దిగడం తెలిసిన డ్రైవరు రాళ్లు కొడుతూనే ఉన్నాడు. మొన్న ఆగస్టులో స్వరాజ్యం వచ్చినప్పుడు జైళ్ల నుంచి కొందరిని విడిచారు. దావీదుకు విడిపించడానికి జైలు లేదు, నా మాట ఒక్కటే ఉంది.

కోర్టు కాగితాల్లో నా సాక్ష్యం ఇప్పటికీ ఉంటుంది. ఇంజను గురించి, గేర్ గురించి, షాఫ్టు గురించి అందులో ఉన్న ప్రతి వాక్యం పుస్తకం ప్రకారం సరైనదే. ఎవరు పరీక్షించినా నాకు నూటికి నూరు వేస్తారు.

మీరు ఈ పనిలోకి వస్తే ఒకటి చేయండి. ఏ బండి వచ్చినా ముందు డ్రైవరును కూర్చోబెట్టి అడగండి. తరువాత వెనక చక్రాలు రెండూ నేలనంటకుండా జాకీలు పెట్టి ఎత్తండి. గేర్ వేసి ఒక చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పండి. లోపల అంతా సవ్యంగా ఉంటే రెండో చక్రం వెనక్కి తిరుగుతుంది. ఏదైనా విరిగి ఉంటే అది కదలదు. ఆ రోజు కనుమలో నేను చేయని ఈ పనికి ఆకు వక్క వేసుకునేంత సేపు పట్టదు.

ఆ ఆదివారం తరువాత నా షెడ్డుకు వచ్చిన ప్రతి బండికీ ఇలా చేశాను. ముసలాయనకు ఏదో మొక్కు ఉందని పనివాళ్లు నవ్వుకునేవాళ్లు. ఇన్నేళ్లలో ఒక్క బండికి కూడా రెండో చక్రం నిలిచిపోలేదు. ప్రతిసారీ నా చేతికి ఎదురుగా, బుద్ధిగా, వెనక్కి తిరిగింది.